మెదడుపై హెచ్.ఐ.వి. ప్రభావము

సిద్దిపేట గొల్లభామ చీర మనకందరకును పరిచితమే. కుండ నెత్తిన బెట్టుకొన్న ఆ బొమ్మను నేయు పనివాడు పోగుల లెక్కను మనసున నిలుపుకొనవలెను. వ్రేళ్ళు ఆ లెక్కను తప్పక అనుసరింపవలెను. అట్టివాడొకడు కొన్ని నెలలుగా లెక్క తప్పుచున్నాడనుకొందము. చేయి మందగించినది, చెప్పిన మాట నిలువదు. ఇంటివారు సోమరితనమందురు, ఇరుగుపొరుగువారు గ్రహచారమందురు. దీనికి కారణములు పెక్కు ఉండవచ్చును. వానిలో హెచ్.ఐ.వి. యొకటి కావచ్చునని తలచువారు అరుదు.

మన దేశమున ఈ వైరస్ 1986లో మద్రాసునందు మొదట గుర్తింపబడినది. ఇది రోగనిరోధక శక్తిని హరించునని మన మెరుగుదుము. కాని శరీరమున ప్రవేశించిన కొన్ని వారములలోనే, రక్తమందలి తెల్లకణములలో దాగి, ఇది మెదడును కూడ చేరగలదు. ఆలోచనకు ఆధారమగు నాడీకణములను ఇది నేరుగా పట్టదు. వానిని కాపాడు కణములలో కాపురముండును. ఆ కణములు విడుచు విషతుల్య పదార్థములచే నాడీకణములు కృశించును. కంచె చేను మేసినట్లన్నమాట. దీనివలన ఏకాగ్రత, జ్ఞాపకము, చేతిపనియందలి చురుకుదనము తగ్గును.

పూర్వము చికిత్స లేని రోగులలో అనేకులకు ఇది తీవ్ర మతిభ్రంశముగా పరిణమించెడిది. 2004లో మన ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇయ్యనారంభించినది. మందులు క్రమముగా వాడువారిలో అట్టి దుస్థితి నేడు అరుదు. స్వల్పమైన మాంద్యము మాత్రము కొందరిలో మిగులుచున్నది. కావుననే పరీక్షను, చికిత్సను ఆలస్యము చేయరాదు. తీవ్రమైన తలనొప్పి, జ్వరము, మాట తడబాటు కలిగినచో, అది మెదడు పొరలకు సోకిన క్షయ మొదలగు వ్యాధి కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇచట నొక చిక్కు కలదు. మందు ప్రతిదినము వేసికొనవలెను; వ్యాధియో జ్ఞాపకమునే దెబ్బతీయును. మరచినకొలది వైరస్ పెరుగును; అది పెరిగినకొలది మరపు హెచ్చును. ఈ చక్రమును ఆపవలెనన్న, వేళకు జ్ఞాపకము చేయు మనిషి యింటిలో నుండవలెను. రోగము దాచుకొన్నవానికి ఆ సాయము దొరకదు.

కలిసి భుజించినంత మాత్రమున ఈ వ్యాధి అంటదు. రోగి సమ్మతి లేక అతని సంగతి వెల్లడింపరాదని, అతనిపై వివక్ష చూపరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది. ప్రభుత్వాసుపత్రులలో పరీక్ష ఉచితము. 1097 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. చెప్పుట, చెప్పకుండుట రోగి యిష్టము. నిర్భయముగా చెప్పుకొనదగిన యిల్లుగా మన యింటిని ఉంచుకొనుట మన ధర్మము.