పసినాటి పన్ను, ముదిమినాటి పన్ను

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు. ఆ సామెత పుట్టినది మాటతీరును గూర్చియే కావచ్చును. కాని మాట పలుకు ఆ నోటిలోని పళ్ళు, చిగుళ్ళు, నాలుక ఎట్లున్నవో విచారించువారు మనలో ఎంతమంది? కంటికి మసక కమ్మినచో అద్దములకై పోవుదుము. కాలిలో ముల్లు విరిగినచో దానిని తీయించుకొనువరకు మనకు నిలుకడ యుండదు. పన్ను మాత్రము రాత్రి నిద్రను చెరచి, చెంప వాచి, అన్నము నమలనీయకుండ చేయువరకు మన దృష్టికి రాదు. అప్పుడు లవంగనూనెకై వెదకుదుము. అదియు చాలనప్పుడు పన్ను పీకించుకొనుటకై పరుగెత్తుదుము. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యన ఇదియే.

శ్రోతలారా! నోటి వ్యాధులలో నొప్పి చాల ఆలస్యముగా వచ్చును. కావున నొప్పి కొరకు వేచియుండక, ఉయ్యాలలోని పసిబిడ్డ మొదలుకొని పడక కుర్చీలోని తాతగారి వరకు, ఇంటిలోని ప్రతివారి నోటిని ముందుగానే కనిపెట్టి చూచుకొనవలెనని విన్నవించుట నేటి మా ప్రసంగము ఉద్దేశము.

ముందుగా ఒక అపోహను తొలగించుకొనవలెను. తల నెరయునట్లే, వయసు మీరినపుడు పళ్ళూడుటయు సహజమని మనలో పలువురు నమ్ముదురు. అరువది యేండ్లు దాటినవారి పన్ను కదలినచో ఇంటివారు ఆశ్చర్యపడరు. వారును వైద్యుని యొద్దకు పోరు. వయసు ఒక్కటే పన్నును ఊడదీయజాలదు. దానిని ఊడదీయునవి ముఖ్యముగా రెండు వ్యాధులు. ఒకటి పిప్పి, రెండవది చిగుళ్ళ వ్యాధి. ఈ రెండును ఏండ్ల తరబడి చప్పుడు లేక పెరుగును. ఈ రెండును చాలవరకు నివారింప సాధ్యమైనవే. అయినను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచమున దాదాపు 350 కోట్ల మంది ఏదో యొక నోటి వ్యాధితో బాధపడుచున్నారు.

పన్ను పుచ్చుట ఎట్లు జరుగును? లోపల పురుగు చేరి తొలుచునని పూర్వము పెక్కు దేశములవారు నమ్మిరి. మన పల్లెలలోను ఆ నమ్మకము కలదు. పొగవేసి పంటి పురుగును రాల్చెదమనువారిని ఆశ్రయించినవారును కలరు. 1890లో, బెర్లినులో పనిచేయుచుండిన విల్లోబీ మిల్లర్ అను అమెరికను దంతవైద్యుడు అసలు కారణమును వివరించెను. నోటిలో నిత్యము నివసించు సూక్ష్మక్రిములు మనము తిన్న తీపిని, పిండిపదార్థమును ఆహారముగా గొని ఆమ్లమును పుట్టించును. పంటిపై నున్న పింగాణి పొర మన శరీరములో కెల్ల గట్టి పదార్థము. అయినను ఆ ఆమ్లము సోకినపుడు అది కొద్దికొద్దిగా కరగును. విరిగిన ఎముక అతుకుకొనును, తెగిన చర్మము కూడుకొనును; పింగాణి పొర గుంటపడిన పిదప మరల పెరుగదు. ఆ పొరలో నరములు లేవు గనుక నొప్పియు తెలియదు. గుంట లోతుకు పోయి, నరమున్న గుజ్జును సమీపించినప్పుడు గాని మనము మేలుకొనము. ఇంకను గుంట పడక, సుద్దవంటి తెల్లని మచ్చగా నున్న దశలోనే గుర్తించినచో, లాలాజలము యొక్కయు ఫ్లోరైడు యొక్కయు సాయమున ఆ చోటు మరల గట్టిపడవచ్చును. ముందుగా చూచుటలోని లాభ మిదియే.

ప్రకృతి మనకు లాలాజలము నిచ్చినది. తీపి తిన్న పిదప సుమారు అరగంటకు, ఒక్కొక్కపుడు అంతకు మించిన కాలమునకు, అది ఆ ఆమ్లమును విరిచివేయును. కాని అంత గడువు దానికి దొరకవలెను గదా! భోజనముతో పాటు ఒక లడ్డు తిన్న పిల్లవాని పళ్ళకంటె, బడి విడిచినది మొదలు దీపాలవేళ వరకు పిప్పరమెంట్లు చప్పరించు పిల్లవాని పళ్ళకు హాని ఎక్కువ. చక్కెర వేసిన కాఫీని, టీని రోజునకు ఆరేడుమార్లు గుక్కగుక్కగా త్రాగు పెద్దలకును ఇదే న్యాయము. పండుగనాడు అరిసెలు, బూరెలు మానుమని మేము చెప్పము. తీపిని భోజనవేళకు పరిమితము చేసి, నడుమ నోటికి విశ్రాంతి నీయుడని మాత్రము కోరుదుము.

చిగుళ్ళ వ్యాధి ఇంతకంటె గుట్టుగా నడచును. పళ్ళపై చేరు మెత్తని పొరను మనము పాచి యందుము. దానిని దినదినము తొలగింపనిచో అది గట్టిపడి గార యగును. గార చేరినచోట చిగురు ఎఱ్ఱబడి, ఉబ్బి, తోముకొనునప్పుడు రక్తము చిందించును. ఆ రక్తమును చూచి భయపడి పలువురు ఆ భాగమును తోముట మానుదురు. అట్లు చేసినచో పాచి మరింత పెరుగును. నెత్తురు వచ్చుట తోముట మానుమను ఆజ్ఞ కాదు. మెత్తని కుంచెతో మరింత శ్రద్ధగా తోముమనియు, వైద్యునిచే గార తీయించుకొమ్మనియు వచ్చిన హెచ్చరిక. అశ్రద్ధ చేసినచో క్రమముగా పంటిని పట్టియుంచు ఎముక కరగిపోవును. అప్పుడు పుచ్చు ఏమియు లేని చక్కని పన్ను కూడ కదలి ఊడును. గార తీసినచో పళ్ళు వదులగునను భయము సరికాదు. వదులు చేసినది గారయే. దాని మరుగున దాగిన వదులు, గార తీసిన పిదప బయటపడును.

ఇక ఒక్కొక్క వయసు సంగతి విచారింతము. ఆరోగ్య ప్రసంగములు విని శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో తరచు కనబడు ప్రశ్న ఒకటి కలదు: పాలపళ్ళు ఎటులను ఊడిపోవునవే కదా, వాటికి వైద్య మెందుకని. పాలపళ్ళు ఇరువది. సుమారు ఆరవ నెలలో మొదలై మూడేండ్ల లోపున అన్నియు వచ్చును. వాటిలో వెనుకటి దవడపళ్ళు పది పండ్రెండేండ్ల వరకు పనిచేయవలసినవి. అవి పుచ్చినచో బిడ్డ సరిగా నమలడు, నిద్రపోడు, పెరుగడు. అవి ముందే పోయినచో వెనుక వచ్చు పళ్ళకు చోటు తప్పి, వరుస చెడును. కావున తొలి పన్ను కనబడిన నాటినుండియే తోముట మొదలు పెట్టవలెను. పాలసీసా నోటనుంచి బిడ్డను నిద్రపుచ్చుటయు, పాలపీకకు తేనె, చక్కెర పూసి ఇచ్చుటయు మానవలెను.

ఆరవ యేట జరుగు ఒక విశేషమును తల్లిదండ్రులు తప్పక గుర్తుంచుకొనవలెను. అప్పుడు పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నును ఊడకయే, నాలుగు క్రొత్త దవడపళ్ళు వచ్చును. పన్ను ఊడనిదే వచ్చినవి గనుక అవియు పాలపళ్ళే యని పలువురు భ్రమపడుదురు. అవి బ్రతుకంతయు ఉండవలసిన శాశ్వత దంతములు. వాటి పైభాగమున లోతైన గీతలుండుట చేత అవి త్వరగా పుచ్చును. ఆ గీతలను పూడ్చు పూతను దంతవైద్యులు వేయుదురు. బడిపిల్లలకు మరొక ఆపద ఆటలలో దెబ్బ తగిలి ముందుపన్ను ఊడుట. అది శాశ్వత దంతమైనచో పారవేయరాదు. వేరును తాకక, పైభాగమును పట్టుకొని, మట్టి యంటినచో నీటితో ఒక్కమారు తొలిచి, పాలలో నుంచి గంటలోపున వైద్యుని చేరినచో, దానిని మరల నాటుటకు అవకాశము కలదు. ఊడిన పాలపన్నును మాత్రము మరల నాటరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సమస్య ఒకటి కలదు. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరుట వలన కలుగు వ్యాధిని 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి, వైద్యులు ప్రకటించిరి. పిదప నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడివడినది. పటికను, సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు మన జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. మించినచో, పళ్ళు ఏర్పడు వయసులో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపున, ఆ నీరు త్రాగిన పిల్లల పళ్ళపై సుద్దమచ్చలు, గోధుమ చారలు శాశ్వతముగా నిలుచును. నీటిని కాచుటవలన ఫ్లోరైడు పోదు. కావున అట్టి ఊళ్ళవారు బోరునీటిని పరీక్ష చేయింపక పిల్లలకు పోయరాదు. మచ్చ పడిన పిల్లలను తోముకొనలేదని నిందించుటయు అన్యాయము. మితముగా పంటిపై సోకిన ఫ్లోరైడు పింగాణి పొరను కాపాడును. అమితముగా కడుపులోనికి పోయినది కీడు చేయును. ఈ భేదము తెలిసిననాడు ఫ్లోరైడు పేస్టును చూచి భయపడ నక్కరలేదు.

గర్భిణీ స్త్రీలకు చిగుళ్ళు ఉబ్బి నెత్తురు కారుట తరచు చూతుము. కడుపులోని బిడ్డ తల్లి పళ్ళలోని సున్నమును లాగుకొనునని కొందరందురు. అది నిజము కాదు. ఆ దినములలో శరీరమున కలుగు మార్పుల వలన చిగుళ్ళు పాచిని సహింపలేవు. గర్భిణికి పంటి వైద్యము చేయింపరాదను భయమును వీడవలెను. తాను గర్భిణినని ముందుగా చెప్పినచో వైద్యులు తగిన జాగ్రత్తతో చికిత్స చేయుదురు. నాలుగవ నెలనుండి ఆరవ నెలవరకు మరింత అనుకూలమైన కాలము.

నడివయసున మధుమేహము గలవారు పాదములవలెనే చిగుళ్ళనుగూడ కనిపెట్టి యుండవలెను. రక్తములో చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ళు చెడును. చిగుళ్ళు చెడినచో చక్కెర అదుపునకు రాదు. రెండింటికిని చికిత్స కలిసి సాగవలెను.

పొగాకు విషయమున మేము మొగమాటము లేక చెప్పవలసి యున్నది. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, ఏ రూపమున చేరినను పొగాకు నోటికి శత్రువే. శ్రీకాకుళము, విశాఖ తీరములలో నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట త్రాగు అలవాటు స్త్రీలలో బహుళముగా నుండెడిది. దానిని అడ్డపొగ యందురు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించిన ఒక పరిశోధన 1971లో ప్రకటింపబడినది. అడ్డపొగ అంగిటికి చేయు కీడును అది లోకమునకు చాటినది. పోకచెక్క సంగతియు తెలిసికొనవలెను. పొగాకు లేకున్నను పోకచెక్క క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. దానిని నిత్యము నములువారిలో కొందరికి బుగ్గలు బిగిసి, నోరు ముద్ద పట్టునంత కూడ తెరచుకొనదు. రెండు వారములు దాటినను మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, గడ్డ నోట కనబడినచో, నొప్పి లేదని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

ముదిమిలో నోరు ఎండిపోవుట సామాన్యము. రక్తపోటు మొదలైన వ్యాధులకు వాడు మందులలో కొన్నింటివలన లాలాజలము తగ్గును. చిగుళ్ళు దిగి వేళ్ళు బయటపడిన పళ్ళు సులభముగా పుచ్చును. కట్టుడుపళ్ళు గలవారు రాత్రి వాటిని తీసి, కడిగి, నీటిలో నుంచవలెను. పళ్ళులేని పెద్దలు పప్పు, గంజితో కాలక్షేపము చేయుచు, కూరలు, పండ్లు, వేరుసెనగలు మానుదురు. మాట స్పష్టముగా రాక నలుగురిలో పలుకుటయు తగ్గింతురు. కట్టుడుపళ్ళు ఈ వయసున కెందుకను మాట ఇంటివారు అనరాదు. తిండియు మాటయు ఏ వయసున అక్కరలేదు?

తోముకొనుటకు నియమములు కొద్దివే. ఉదయ మొకమారు, రాత్రి పడుకొనబోవు ముందొకమారు, రెండేసి నిమిషములు. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముటయే ముఖ్యము. మెత్తని కుంచె, ఫ్లోరైడు కలిగిన పేస్టు చాలును. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆపై ఆరేండ్ల వరకు బఠాణీగింజంత పేస్టు వేసి, మ్రింగకుండ పెద్దలు దగ్గరనుండవలెను. వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలతో తోముకొనుట మన పూర్వాచారము. కొన నమలి కుంచెవలె మెత్తన చేసి, చిగుళ్ళు గీరుకొనకుండ తోమినచో పందుంపుల్ల పాచిని తీయగలదు. కాని ఇటుకపొడి, బొగ్గు, కచ్చిక బూడిద, గరుకు ఉప్పు పింగాణి పొరను అరగదీయును. అవి ఇచ్చు తెలుపు ఋణము తెచ్చిన సొమ్మువంటిది.

పుచ్చిన పన్నునెల్ల పీకించుకొనవలసిన పని లేదు. చిన్న గుంటను పూడ్పించవచ్చును. నరము చెడినను వేరువైద్యముతో పన్నును నిలుపవచ్చును. నొప్పికి మాత్రను చిగురుపై అదిమిపెట్టుట పొరపాటు. అది చిగురును కాల్చును. హైదరాబాదులోను విజయవాడలోను ప్రభుత్వ దంత వైద్యశాలలు కలవు. పలు ప్రభుత్వ ఆస్పత్రులలో దంతవైద్యు లుందురు. ఏ బాధయు లేనప్పుడే ఏడాది కొకమారు చూపించుకొనుట, బాధ ముదిరిన పిదప పోవుటకంటె ఖర్చునకును ఓర్పునకును తేలిక.

శ్రోతలారా! ఈ రాత్రి భోజనములైన పిదప మీ పిల్లల నోరు తెరిపించి, మంచి వెలుతురులో చివరి దవడపళ్ళను చూడుడు. పెద్దవారిని, గట్టి వస్తువును ఏ ప్రక్క నములుచున్నారో అడుగుడు. ఒక ప్రక్కనే నములుచుందురేని రెండవ ప్రక్క ఏదో లోపము కలదన్నమాట. పిమ్మట అద్దములో మీ నోటిని చూచుకొనుడు. దీనికి పట్టునది పది నిమిషములు. ఆరేండ్లనాడు వచ్చిన పన్నుతోనే ఎనుబదవ యేట జామపండు కొరుకు భాగ్యము మీ ఇంటిల్లిపాదికి కలుగుగాక!