న్యాయమైన కౌలు: ఐర్లండు రైతులు నేర్పిన లెక్క



మేము వర్తకులము. కొలతయు ధరయు మాకు దెలిసిన విద్యలు. ఐర్లండు కౌలుదారుల చరిత్రమును గూడ లెక్కల కన్నుతోనే చదివితిమి. అట్లు చదివినదానినే మనవి చేయుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు భూమిలో అధికభాగము కొద్దిమంది భూస్వాములది. వారిలో పలువురు ఇంగ్లండులో కాపురముండి, ఏజెంట్లచేత కౌలు వసూలు చేయించుకొనెడివారు. ఇల్లు కట్టినవాడు రైతు. బురదనేలకు కాలువ త్రవ్వి సాగులోనికి దెచ్చినవాడు రైతు. నేల బాగుపడినచో కౌలు పెరిగెడిది. ఇయ్యలేనివానిని వెడలగొట్టెడివారు. అనగా కష్టపడినందుకే జరిమానా యన్నమాట.

1845 మొదలు 1849 వఱకు బంగాళాదుంప పైరు తెగులుచే నశింపగా, సుమారు పది లక్షలమంది ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. ఇంచుమించు అంతమందియే దేశము విడిచిరి. 1850లో కౌలు చెల్లింపలేక ఇల్లు గోల్పోయిన యొక కుటుంబములోని నాలుగేండ్ల బాలుడు మైకేల్ డేవిట్. అతడు ఇంగ్లండులో మిల్లుపనికి బోయి, పదునొకండవయేట కుడిచేయి పోగొట్టుకొనెను. 1879లో పార్నెల్ అధ్యక్షుడుగా ల్యాండ్ లీగు స్థాపనకు మూలపురుషుడతడే. వారి కోరికలు మూడు: న్యాయమైన కౌలు, కౌలు చెల్లించునంతకాలము తొలగింపరాని హక్కు, ఆ హక్కును అమ్ముకొను స్వేచ్ఛ.

1880లో మేయో జిల్లా రైతులు కౌలులో నూటికి 25 తగ్గింపు కోరిరి. ఎర్న్ ప్రభువు 10కి మించి యొప్పుకొనలేదు. ఆయన ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ బేదఖలు నోటీసులు పంపగా, ఊరివారాయనను వెలివేసిరి. కూలీలు పొలము విడిచిరి. అంగడివారు సరకు అమ్మరైరి. పైరు కోయుటకు బయటినుండి 50 మంది వచ్చిరి. వారికి సుమారు వేయిమంది సైనికుల, పోలీసుల కావలి! 500 పౌనుల పంటకు 10,000 పౌనుల ఖర్చని అంచనా. ఏ వర్తకుడైన నిట్టి బేరము రెండవమారు చేయునా? ఆ దొరపేరే మాటయై, 1905 తరువాత స్వదేశోద్యమమున మన తెలుగునను బాయికాటుగా వినబడెను.

వెలి క్రూరమైన ఆయుధము. మన పల్లెలలో బలవంతులు దానిని దుర్బలులపై ప్రయోగించిరి. అచ్చట దుర్బలులు బలవంతునిపై ప్రయోగించిరి. అయినను ఆ పోరాటమున హత్యలును పశుహింసయు జరిగినవి. వానిని మేము మెచ్చము.

1881లో గ్లాడ్‌స్టన్ చట్టము వచ్చెను. కోర్టు న్యాయమైన కౌలు నిర్ణయించిన, అది 15 ఏండ్లు మారెడిది కాదు. సగటున నూటికి 20 వఱకు తగ్గెను. బాకీదారులకు మాత్రము మేలందలేదు. వారికై 1882లో మరియొక చట్టము కావలసివచ్చెను. తుదకు 1903 చట్టముచే రైతులు సర్కారు అప్పుతో భూమి కొని, 68½ ఏండ్ల వాయిదాలలో తీర్చు ఏర్పాటు కలిగెను.

సోదరులారా, మనలో పొలములు కౌలుకిచ్చి పట్టణమున నుండువారు కలరు. దూరముననుండు యజమానికి రశీదు కనబడును గాని ఎండిన పైరు కనబడదు. కావున కౌలు నిర్ణయించుటకు ముందు పొలమునకు బోయి, రైతును ప్రక్కన గూర్చుండబెట్టుకొని లెక్క కట్టుడని మా మనవి. కోర్టు చెప్పకమునుపే న్యాయము చేయుట యజమానికి గౌరవము, లాభమును గూడ.