ఒక్క ప్రశ్న మరవకండి

పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు అభినందనలు.

మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కృష్ణలో కలుస్తాయి. కృష్ణమ్మ వాటిని తనలో కలిపేసుకుంటుంది. మనిషి ఒళ్లు అలా కాదు. కన్నతల్లి ఇచ్చిన కిడ్నీనైనా పరాయిదనే అనుకుంటుంది, దాడికి దిగుతుంది. ఆ దాడిని ఆపే మందులు రోజూ వేసుకోవాల్సిందే.

ఆ మందుల కథ మన డెల్టా గడపను తాకుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో లుకేమియా అనే రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం దొరికిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. తర్వాత శాస్త్రవేత్తలు గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అదే జబ్బుకు 6-మెర్కాప్టోప్యూరిన్ తెచ్చారు. దాన్నుంచి వచ్చిన అజాథయోప్రిన్ 1960లలో కిడ్నీ మార్పిడిని నిలబెట్టింది. రక్త కేన్సర్ మీద పోరాటమే అవయవ మార్పిడికి దారి వేసింది.

ఆ దారిలోనే ఒక ముప్పు పొంచి ఉంది. మనలో చాలామందికి చిన్నప్పుడే ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకుతుంది. అది రక్తంలోని బి-కణాల్లో జీవితాంతం దాగి ఉంటుంది, టి-కణాలు దానికి కాపలా కాస్తాయి. మార్పిడి మందులు ఆ కాపలాను సడలిస్తాయి. అప్పుడు బి-కణాలు అదుపు తప్పి, లింఫోమా అనే కేన్సర్‌గా మారవచ్చు. కిడ్నీ మార్చుకున్న పెద్దవాళ్లలో ఇది సుమారు నూటికి ఒకరిద్దరికి వస్తుంది. వైరస్ ఇంకా సోకని పిల్లలకు, వైరస్ ఉన్న దాత అవయవం పెడితే ముప్పు పెరుగుతుంది. మొదటి ఏడాదే ఎక్కువ జాగ్రత్త అవసరం, కానీ ఏళ్లు గడిచాక కూడా రావచ్చు.

1984లో మార్పిడి శస్త్రవైద్యుడు థామస్ స్టార్‌జల్ బృందం ఒక గొప్ప సంగతి చెప్పింది: మందుల మోతాదు తగ్గిస్తే కొందరిలో ఈ లింఫోమాలు కరిగిపోతాయి. అయితే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తే మనిషిని అడగండి. ఎక్కువ ఎత్తితే దిగువ లంకలు మునుగుతాయి, ఎత్తకపోతే ఎగువన ముంపు. మందు బాగా తగ్గిస్తే కిడ్నీ పోతుంది, తగ్గించకపోతే కేన్సర్ పెరుగుతుంది. ఆ కొలత మార్పిడి వైద్యులే చూడాలి. అది చాలనప్పుడు రిటుక్సిమాబ్, కీమోథెరపీ ఉన్నాయి.

రేపు మీ దగ్గరికి ఒక తల్లి వస్తుంది. "జ్వరం తగ్గట్లేదయ్యా, మెడ దగ్గర బిళ్లలు కట్టాయి, బరువు తగ్గిపోయాను" అంటుంది. మన దేశంలో ఎవరికైనా ముందు తోచేది టీబీయే. కానీ ఆమె కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషైతే, బయాప్సీ లేకుండా టీబీ మందులు మొదలుపెడితే రెండు నష్టాలు. లింఫోమాను పట్టుకునే వేళ దాటిపోతుంది. పైగా టీబీ మందు రిఫాంపిసిన్, రక్తంలో టాక్రోలిమస్ అనే మార్పిడి మందు స్థాయిని పడగొడుతుంది, దాంతో కష్టపడి నిలబెట్టుకున్న కిడ్నీ కూడా చేజారవచ్చు.

మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. అలాంటి ఇంట్లో ఒకరు కిడ్నీ ఇచ్చి ఇంకొకరిని బతికించుకున్నారంటే అది ఆ కుటుంబం సర్వస్వం. అది మన అజాగ్రత్త వల్ల పోకూడదు.

అందుకే నేను కోరేది ఒక్కటే. బిళ్లలతో, తగ్గని జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ అడగండి: "అమ్మా, మీకు అవయవ మార్పిడి జరిగిందా? ఏ మందులు వేసుకుంటున్నారు?" అవునంటే మందు మార్చకండి, ఆపమనకండి. ముందు మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి, బయాప్సీకి పంపండి. ఈ ప్రశ్న అడగడానికి నిమిషం చాలు. ఆ నిమిషం మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి.