శుభకార్యములందు ప్లాస్టిక్కు: యువజనులు చేయదగిన పని



మన మహాసభలయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వరశుల్కమును గూర్చియు ఏటేట ఉపన్యాసములు జరుగుచున్నవి. అవి జరుగవలసినవే. నేను చెప్పబోవునది వానియెదుట చిన్న విషయముగ గన్పట్టవచ్చును. పెండ్లిభోజనములు ముగిసిన పిమ్మట పందిరివెనుక మిగులు చెత్తను గూర్చి కొంచెము మనవి చేసెదను.

వేయిమందికి విందు జరిగినదనుకొనుడు. ఒక్కొక్కరికి ఒక నీళ్లసీసా, ఒక గ్లాసు, ఒక ఐస్‌క్రీము కప్పు, దానికొక చెంచా. ఒక్క పూటకు నాలుగువేల వస్తువులు! వీనిలో ననేకములు పావుగంటయైనను మన చేతిలో నుండవు. మఱునాటికి గొన్ని మురుగుకాలువను బూడ్చును. మెతుకులంటిన సంచులను ఆవులు మ్రింగును. అట్లు మ్రింగిన ప్లాస్టిక్కు ఆవు కడుపులోని మొదటి యఱయందు జేరి, జీర్ణము గాక, బయటికిని బోక, ముద్దగట్టి మేతకు జోటులేకుండ జేయును. పశువైద్యులు కడుపు కోసి దానిని వెలికి దీయవలసి వచ్చుచున్నది. గృహప్రవేశమున గోవును ముందు నడిపించువారము మనమే గదా!

భారతప్రభుత్వమువారు 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకారమునకు వాడు థర్మోకోలు మున్నగువానిని నిషేధించిరి. మిఠాయిపెట్టెలకును ఆహ్వానపత్రికలకును జుట్టెడు పలుచని పొరయు, 100 మైక్రానులకు దక్కువ మందముగల పి.వి.సి. బ్యానరులును ఆ జాబితాలోనివే. అనగా గొన్ని యిండ్లలో శుభలేఖతోడనే చట్టోల్లంఘనము మొదలగుచున్నది. (నేడు మన ద్వారమున గట్టిన బ్యానరుల మందమును కార్యదర్శిగారు విచారింతురని నమ్ముచున్నాను.) కాగితపు గ్లాసు నిర్దోషియని తలంచువారు గలరు. దాని లోపల సాధారణముగ ప్లాస్టిక్కు పూత యుండును. అట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీటిని పదునైదు నిమిషములుంచగా, సుమారు 25,000 సూక్ష్మకణములు నీట జేరినట్లు ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో దెలిపిరి.

పిల్లలు చెప్పిన పెద్దలు విందురా యని మా శాఖలో గొందఱకు సంశయము. బాలిద్వీపమున మెలాతి, ఇసబెల్ విజ్సెన్ అను నక్కసెల్లెండ్రు, పండ్రెండును పదియు నేండ్ల ప్రాయమువారు, 2013లో ప్లాస్టిక్కు సంచులు వలదని యుద్యమము మొదలిడిరి. సంతకములు సేకరించిరి, సముద్రతీరములను శుభ్రపఱచిరి, గవర్నరు దర్శనము దొరకనపుడు ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు నిరశనకు బూనిరి. ఆ యూహ వారికి మన గాంధీమహాత్ముని చరిత్రమువలన గలిగినదే. 2019లో ఆ ద్వీపమున సంచులును, స్ట్రాలును నిషేధింపబడినవి.

మనకంత కష్టము లేదు. అరటియాకు మన పెరటిలోనిది. మన్యమున గిరిజనస్త్రీలు అడ్డాకులు గోసి, యెండబెట్టి, పుల్లలతో విస్తళ్లు గుట్టుచున్నారు. ఆ విస్తరి కొన్న రూకలు వారి యింటికి జేరును. గ్లాసుల విషయముననే చిక్కు. కడుగుటకు మనుష్యులు దొరకరని వంటకంట్రాక్టరులు చెప్పుదురు. అది కేవలము సాకు గాదు. అంతకంటె బెద్దది మఱియొక భయము గలదు: సీసాలు పెట్టకున్న లోభివాడని బంధువులందురేమో యని. పేదయింటివాడు అప్పుచేసియైనను పెద్దయింటి పెండ్లిని జూచి యనుకరించును. కావున ఈ మార్పు మన పోషకమహాశయుల యిండ్లనుండియే రావలయును. వారు రాగి కూజాలతో నీరు పోయించిన నాడు దానిని లోభమనువా రుండరు.

యువకులకొక మాట. పంక్తిలో గూర్చున్నవారికి ఉపదేశము చేయకుడు, అది యతిథినవమానించుట. లగ్నపత్రిక వ్రాసిన వారములోనే ఆ యింటికి బొండు. వంటవారికి బయానా ముట్టిన పిమ్మట మీ మాట యెంత మంచిదైనను నిష్ప్రయోజనము. మొదట గృహిణులతో మాటలాడుడు.

మన కల్యాణమండపమునకు వేయి స్టీలుగ్లాసులును, వానికి దగిన కూజాలును దాతల సాహాయ్యమున గొని, శుభకార్యములకు బాడుగలేకుండ నిచ్చి, కడుగువారి కూలిని మాత్రము గృహస్థునివలన దీసికొనవలయునని యువజనశాఖ ప్రతిపాదించుచున్నది. లెక్క చూచుకొని యప్పగింతలు చేయు భారమును మేము వహింతుము. ఈ ప్రతిపాదనను నేటి మధ్యాహ్నము విషయనిర్ణయసభ యెదుట బెట్టుచున్నాము.