ఇంటనున్న రోగి - ఆసుపత్రిలోని నర్సు

కాన్సరుకు కీమోథెరపీ పొందే రోగి ఆసుపత్రిలో ఉండేది చాలవరకు కొద్ది గంటలే. మందు ఎక్కించుకొని ఇంటికి వెళ్ళిపోతాడు. వాంతులు, నోటిపూత, నిస్సత్తువ ఇవన్నీ వచ్చేది ఇంటి దగ్గరనే. రెండు మూడు వారాల తరువాత వైద్యుడు "ఎట్లా ఉన్నది?" అని అడిగితే, "బాగానే ఉన్నదండీ" అని ఊరుకుంటాడు. డాక్టరుగారిని విసిగించడమెందుకని కొందరు, చెబితే మందు ఆపివేస్తారేమోనని మరికొందరు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది జ్వరం. తెల్ల రక్తకణాలు తగ్గిపోయిన శరీరానికి సూక్ష్మక్రిములను ఎదిరించే శక్తి చాలదు. అట్టి సమయంలో 38 డిగ్రీల సెంటిగ్రేడు జ్వరమైనా రాత్రికి రాత్రే ప్రాణం మీదికి తేగలదు. "పొద్దున చూద్దాంలే" అనడం అక్కడ పనికిరాదు.

ఈ ఎడం తగ్గించడానికే దూరపర్యవేక్షణ ఏర్పడినది. రోగి తన బాధలను కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో ప్రశ్నలకు జవాబులుగా గుర్తిస్తాడు. బాధ ముదిరితే నర్సుకు హెచ్చరిక చేరుతుంది. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ఈథన్ బాష్, ఆయన సహచరులు 2007 నుంచి 766 మంది రోగులతో ఇట్టి పద్ధతిని పరీక్షించారు. వారందరిదీ ఇతర అవయవాలకు వ్యాపించిన కాన్సరే. 2017లో ప్రకటించిన ఫలితాలలో మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలం 26 నెలలు. బాధలను ఇట్లా తెలిపినవారిది 31 నెలలు. ఇందుకోసం కొత్త మందేదీ ఇవ్వలేదు సుమా! కంప్యూటరు అలవాటు లేనివారికే కొన్ని విషయాలలో మేలు ఎక్కువగా కనిపించడం మరొక విశేషం.

ఆ అయిదు నెలలూ ఎక్కడనుంచి వచ్చినవి? పరిశోధకులు ఊహించిన కారణాలలో నర్సుల పని ఒకటి. నాలుగింట మూడువంతుల హెచ్చరికలకు వారు ఏదో ఒక చర్య తీసుకొన్నారు. "వాంతులు" అని రోగి ఒక గుర్తు పెడతాడు. నర్సు ఫోను చేసి అడుగుతుంది: త్రాగిన నీళ్ళు నిలుస్తున్నవా? మూత్రం వచ్చి ఎంతసేపయినది? ఇచ్చిన మాత్ర వేసుకొన్నారా, వేసుకోగానే అదికూడా వాంతిలో పోయినదా? ఒక్కొక్క జవాబు వింటూ, ఈ మనిషి ఇంట ఉండవచ్చునా, బయలుదేరి రావలెనా అని నిర్ణయించుకొంటుంది. రోగి మాట తడబడుతున్నదని గ్రహించి, ఫోను ఇంటివారికిమ్మని అడగడం కూడ అందులోనిదే.

ఈ పనిని వార్డు పనికి తోడు అదనంగా మోపడం నాకు సమ్మతం కాదు. పది పడకల మధ్య పరుగెత్తే నర్సు హెచ్చరికను ఎప్పుడు చూడగలదు? దానికి వేరుగా వేళ, మనిషి, రాత్రి డ్యూటీ ఏర్పాటు చేయాలి.

ఇక ఇంటివారి సంగతి. కీమోథెరపీ పొందేవారున్న ఇంట థర్మామీటరు ఉండాలి. అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయవలెనో మొదటినాడే నర్సును అడిగి, ఆ నంబరు గోడమీద వ్రాసి ఉంచుకోండి.