గని ఎవరిది, గద్దె ఎవరిది?

(సికిందరాబాదు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ సికిందరాబాదులోనే దక్షిణ మధ్య రైల్వే పెద్దాఫీసు ఉంది. సింగరేణి బొగ్గు పోయేది ఈ రైల్వే మీదనే. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది, బొగ్గు పోతూనే ఉంది. బొగ్గు పోయే దారి మనకు కనపడుతుంది. పైసలు పోయే దారే కనపడదు. ఇవాళ ఆ రెండో దారి సంగతి మాట్లాడుకుందాం.

గనులుంటే పేదదేశం బాగుపడుతుందనీ, సుస్థిర ప్రభుత్వం ఉంటే చాలనీ పెద్దమనుషులు చెప్తారు. ఎవరికి సుస్థిరం? ఆఫ్రికాలో కాంగో ఉంది. రాగి, కోబాల్టు, వజ్రాలు అన్నీ ఉన్న నేల. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. పదకొండు రోజులకే రాగి గనులున్న కటంగా ప్రాంతం బెల్జియం కంపెనీ అండతో విడిపోయింది. ప్రధాని లుముంబాను 1961 జనవరిలో చంపేశారు. 1965లో సైన్యాధిపతి మొబుటు గద్దెనెక్కి 1997 దాకా దిగలేదు. ముప్పై రెండేళ్లు సర్కారు పడలేదు! దాన్ని సుస్థిరత అందామంటే మాకు నోరు రాదు. తప్పు రాయిది కూడా కాదు. బోట్స్వానాలో 1967లో వజ్రాలు దొరికాయి. అక్కడ గని హక్కు దేశం చేతిలో ఉంచుకున్నారు, ఎన్నికలు మానలేదు. 1966 నుంచి ఏలిన పార్టీని 2024లో జనమే ఓటేసి దించారు.

అంత దూరం ఎందుకు, అనంతపురం జిల్లా ఓబుళాపురం చూడండి. చైనా ఇనుపరాయిని ఎగబడి కొన్న రోజులవి. రాష్ట్రాల సరిహద్దు గుర్తులు చెరిపి అడవిలో తవ్వారన్నది సిబిఐ కేసు. కంపెనీ గాలి జనార్దనరెడ్డిది. 2008లో ఆయన కర్ణాటకలో మంత్రి అయ్యాడు. 2009 చివర్లో ఆ వర్గం ఎమ్మెల్యేలను తెచ్చి మన హైదరాబాదులో మకాం పెట్టిస్తే, అక్కడ బెంగుళూరు సర్కారు ఊగిపోయింది. 2011 జులైలో లోకాయుక్త నివేదిక వచ్చింది, ముఖ్యమంత్రి యడ్యూరప్ప దిగిపోయాడు. సెప్టెంబరులో జనార్దనరెడ్డి అరెస్టు. హైదరాబాదు సిబిఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది ఎప్పుడనుకున్నారు? 2025 మేలో. జూన్‌లో హైకోర్టు శిక్ష అమలు ఆపి బెయిలిచ్చింది. మాలమాదిగ పిల్లగాడు కోడిని పట్టుకపోతే కేసు ఇన్నేళ్లు సాగుతుందా?

గని పైసలతో నిలబెట్టిన సర్కారు గని యజమాని చెప్పినన్నాళ్లే నిలబడుతుంది. దాన్ని నిలదీసే పని కింది నుంచే జరగాలి, జరిగింది కూడా. విశాఖ జిల్లా బొర్రా గ్రామాల గిరిజనుల కోసం 'సమత' సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇయ్యరాదు అని. మైదానంలో దళితులకు ఆ అండ లేదు. గుట్ట కింద అసైన్డు పట్టా భూమి, దాని మీద పడే దుమ్మూ మాత్రం ఉన్నాయి.

అయితే 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. 2015 జనవరి 12కు ముందరి పెద్ద ఖనిజాల లీజులైతే రాయల్టీకి తోడు అందులో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఈ నిధికి కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పెట్టిన డబ్బు ఇది. మా ఊళ్లల్లో చాలామందికి ఇట్లాంటి నిధి ఉన్నదనే తెలియదు.

ఊరికి పోయినంక ఒక పని చేయండి. కలెక్టరు ఆఫీసులో పది రూపాయల ఫీజు కట్టి, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దెబ్బతిన్న ఊళ్ల జాబితాలో మన ఊరు ఉన్నదా? ఎన్ని రూపాయలు వచ్చినయి? ఏ పనికి పెట్టారు? ఆ పని జరిగింది ఊళ్లోనా, వాడలోనా? నాలుగూ విడివిడిగా రాయండి, రసీదు దగ్గర పెట్టుకోండి. ముప్పై రోజుల్లో జవాబియ్యాలి. వచ్చిన జవాబు పట్టుకొని రండి, వచ్చే సభలో చదువుదాం.