దుఃఖాన్ని తెలుసుకోవడం

సారనాథ్‌లో చేసిన తొలి ఉపదేశంలో బుద్ధుడు 4 సత్యాలతో పాటు 4 పనులూ అప్పగించాడు. దుఃఖాన్ని తెలుసుకోవాలి, దానికి మూలమైన తృష్ణను వదలాలి, దుఃఖ నిరోధాన్ని స్వయంగా చూడాలి, అష్టాంగ మార్గాన్ని సాధన చేయాలి. మొదటి పని దుఃఖాన్ని తరిమేయడం కాదు, తెలుసుకోవడం.

ఇంజనీరుగా నాకిది తేలిగ్గానే అర్థమైంది. బీటలు వారిన గోడకు సిమెంటు పూస్తే బీట కనబడదు. కింద పునాది మాత్రం కుంగుతూనే ఉంటుంది.

నాన్నగారు పోయాక ఏడాదిపాటు రోజూ కాసేపు ఆ వెలితితోనే కూర్చున్నాను. బాధ పోలేదు, దాన్నుంచి పారిపోవాలన్న తొందర పోయింది.

మనలో చాలామందిమి ఎవరినో ఒకరిని పోగొట్టుకున్నాం. ఈరోజు పలకరించుకునేటప్పుడు "అంతా బాగానే ఉంది" దగ్గర ఆగిపోవద్దు. ఇంకో నిమిషం ఉండి విందాం.